‘విశ్రాంతి’ ఎవరి కోసం?

తెలుగు సినిమా సగంలో తెర మీద ఒక మాట పడుతుంది. ఆ మాట ‘విశ్రాంతి’. వాడుకలో దాన్నే ఇంటర్వెల్ అంటారు. చదువు రానివాళ్లు కూడా ఒకప్పుడు ఆ మాటను ఇట్టే పోల్చుకునేవారు. ఎందుకంటే అది పడగానే హాల్లో లైట్లు వెలిగేవి. తలుపులు తెరుచుకునేవి. గోలీసోడాలు కొట్టే చప్పుడు వినపడేది. పల్లీలు, మురుకుల గంపలు లోపలికి వచ్చేవి. పిల్లలు లేచి పరుగెత్తేవారు.

ఇప్పుడు కొంతమంది ఒక ప్రశ్న వేస్తున్నారు. సినిమాకు ఇంటర్వెల్ కావాలా, అక్కర్లేదా? మధ్యలో ఆపితే కథ చెడుతుంది గదా అని కొందరంటారు. మూడు గంటలు కదలకుండా ఎలా కూచోవాలి అని మరికొందరంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అసలు ఇంటర్వెల్ ఎలా పుట్టిందో, ఇప్పుడు ఎందుకు సాగుతోందో తెలుసుకుంటే ఈ సంగతి తేలుతుంది.

సినిమాకు ముందు

సినిమా రాకముందు ఊళ్లలో తోలుబొమ్మలాట ఆడేవారు. వీధి భాగవతం ఆడేవారు. హరికథ, బుర్రకథ చెప్పేవారు. ఆట రాత్రి మొదలైతే ఒక్కోసారి తెల్లవారేదాకా సాగేది. అప్పుడు ఇంటర్వెల్ అనే మాట లేదు. కాని విశ్రాంతి ఉండేది.

తోలుబొమ్మలాటలో కథ మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. కేతిగాడు వస్తాడు. వాళ్లు చేసే హాస్యానికి జనం పగలబడి నవ్వుతారు. పెద్ద కథ ఆ కాసేపు ఆగుతుంది. ఆ సందులో ఒకరు లేచి పెరట్లోకి వెళ్లొస్తారు. ఒకరు బిడ్డకు పాలిస్తారు. ఒకరు చుట్ట వెలిగించుకుంటారు. చాప మీద కూచున్నవాళ్లు ఎప్పుడైనా లేవొచ్చు. ఎవరినీ అడగనక్కర్లేదు.

సినిమా హాలు అలా కాదు. చీకటి గది. వరసగా కుర్చీలు. మధ్యలో లేస్తే వెనకవాళ్లు కేకలేస్తారు. అందుకే హాల్లో విశ్రాంతి వేళను ముందే ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

రీలు లెక్క

మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. ఆ రోజుల్లో సినిమా అంటే ఫిల్ము. అది పొడవాటి రిబ్బను లాంటిది. దాని మీద వరసగా చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. సెకనుకు 24 బొమ్మలు తెర మీదికి వెళితే బొమ్మ కదులుతున్నట్టు కనపడుతుంది.

ఒక అడుగు ఫిల్ములో 16 బొమ్మలుంటాయి. అంటే సెకనుకు అడుగున్నర ఫిల్ము నడుస్తుంది. నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది.

మూడు గంటల సినిమాకు ఎంత ఫిల్ము కావాలి? మూడు గంటలంటే 180 నిమిషాలు. 180ని 90తో హెచ్చవేస్తే 16,200 అడుగులు. దాన్ని నేల మీద పరిస్తే దాదాపు 5 కిలోమీటర్లు వస్తుంది! అంత ఫిల్మును ఒకే చుట్టగా చుట్టడం కష్టం. అందుకే రీళ్లుగా విడగొట్టి, రేకు డబ్బాల్లో పెట్టి పంపేవారు.

టూరింగు టాకీసుల్లో చాలా చోట్ల ఒక్క మిషనే ఉండేది. రీలు అయిపోగానే ఆట ఆపేవారు. ఆపరేటరు పాత రీలు తీసి కొత్తది ఎక్కించేవాడు. అలా ఒక్క ఆటలోనే మూడు నాలుగు ఇంటర్వెళ్లు వచ్చేవి.

పక్కా హాళ్లలో రెండు మిషన్లు ఉండేవి. ఒక మిషన్లో రీలు అయిపోయే వేళకు తెర మీద కుడివైపు పైమూల చిన్న చుక్క మెరిసేది. అది చూసి ఆపరేటరు రెండో మిషను తిప్పేవాడు. ఇంకో చుక్క రాగానే బొమ్మను అటు మార్చేవాడు. చూసేవాళ్లకు ఆ మార్పు తెలిసేది కాదు.

అంటే రెండు మిషన్లుంటే ఆపకుండా ఆడించవచ్చు. అయినా సగంలో ఒకసారి ఆపేవారు. అప్పట్లో మిషన్లో కార్బను కడ్డీలు మండించి వెలుగు తెచ్చేవారు. ఆ గదిలో వేడి ఎక్కువ. మిషనుకూ, మనిషికీ కాస్త విరామం కావాలి. చూసేవాళ్లకూ కావాలి. బయట సోడాలు, టీలు అమ్ముకునేవాళ్లకూ ఆ పది నిమిషాలే బేరం.

ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని ఊళ్లలో రెండు హాళ్లకు కలిపి ఒకే సినిమా పెట్టె వచ్చేది. ఒక హాల్లో ఆడిన రీళ్లను సైకిలు మీద రెండో హాలుకు చేరవేసేవారు. సైకిలు ఆలస్యమైతే ఇంటర్వెల్ సాగేది.

2010 తర్వాత కొద్ది ఏళ్లలోనే మన హాళ్లలో రీళ్లు పోయాయి. ఇప్పుడు సినిమా కంప్యూటరులో ఉంటుంది. మీట నొక్కితే మొదటినుంచి చివరిదాకా ఆగకుండా నడుస్తుంది. మిషనుకు విశ్రాంతితో పని లేదు. అయినా ఇంటర్వెల్ మాత్రం పోలేదు. ఎందుకు?

కథకు రెండు సగాలు

దీనికి ఒక కారణం మన కథలు రాసే పద్ధతి. మన సినిమాలు మొదటినుంచీ పొడవే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ మూడు గంటలు దాటుతుంది. 1963 నాటి ‘లవకుశ’ దాదాపు మూడున్నర గంటలు. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ మూడుమ్ముప్పావు గంటలు. 2024లో వచ్చిన ‘పుష్ప 2’ కూడా 3 గంటల 20 నిమిషాలుంది.

హిందీలో రాజ్ కపూర్ తీసిన ‘సంగం’ (1964), ‘మేరా నామ్ జోకర్’ (1970) సినిమాలకు రెండేసి ఇంటర్వెళ్లు ఇచ్చారు.

కథ రాసేవాళ్లు ముందే లెక్క వేసుకుంటారు. ఇంటర్వెల్ దగ్గర ఒక పెద్ద మలుపు పెడతారు. సినిమా వాళ్లు దాన్ని ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ అంటారు. విలన్ ఎవరో అప్పుడే తెలుస్తుంది. లేదా హీరో అసలు పేరు బయటపడుతుంది. జనం బయటికి వచ్చి, టీ తాగుతూ దాని గురించే మాట్లాడుకుంటారు. తర్వాత ఏమవుతుందా అని తొందరగా లోపలికి వెళతారు. మన సినిమాకు ఇంటర్వెల్ ఇంటికి గడప లాంటిది. దాన్ని లెక్కలో పెట్టుకునే ఇల్లు కడతారు.

బయటి దేశాల సంగతి

బయటి దేశాల్లోనూ ఒకప్పుడు పెద్ద సినిమాలకు విరామం ఉండేది. అమెరికాలో 1939లో వచ్చిన ‘గాన్ విత్ ద విండ్’ దాదాపు నాలుగు గంటల సినిమా. దానికి విరామం ఇచ్చారు. 1982లో వచ్చిన ‘గాంధీ’ సినిమాకూ విరామం ఉంది. ఆ తర్వాత అమెరికాలో ఈ పద్ధతి దాదాపు పోయింది. ఫిల్మునంతా అతికించి ఒకే పెద్ద పళ్లెం మీద చుట్టే మిషన్లు వచ్చాయి. విరామం లేకపోతే రోజుకు ఆటలు ఎక్కువ వేసుకోవచ్చు అని హాళ్లవాళ్లు చూసుకున్నారు.

టర్కీ, ఐస్‌లాండ్ లాంటి దేశాల్లో మాత్రం ఈ అలవాటు నిలిచింది.

2023లో మార్టిన్ స్కోర్సెసి తీసిన ఒక సినిమా వచ్చింది. పేరు ‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’. నిడివి 3 గంటల 26 నిమిషాలు. దానికి విరామం లేదు. విదేశాల్లో కొన్ని హాళ్లవాళ్లు తమంతట తామే మధ్యలో ఆపి విరామం ఇచ్చారు. సినిమా తీసినవాళ్లు ఒప్పుకోలేదు. మా సినిమాను మీ ఇష్టం వచ్చిన చోట ఆపకూడదు అన్నారు.

మరుసటి ఏడు 2024లో ‘ద బ్రూటలిస్ట్’ అనే సినిమా వచ్చింది. అదీ మూడున్నర గంటలదే. కాని ఆ దర్శకుడు సినిమాలోనే 15 నిమిషాల విరామం పెట్టాడు. ఇంకా ఎంతసేపుందో తెర మీద అంకెలు తగ్గుతూ కనపడ్డాయి. జనం నిదానంగా వెళ్లి వచ్చారు. కథా చెడలేదు, మనిషీ ఇబ్బంది పడలేదు.

ఈ రెండు సినిమాలూ పొడవైనవే. తేడా ఒక్కటే. ఎక్కడ ఆపాలో ఎవరు నిర్ణయించారు అన్నదే ఆ తేడా.

వద్దనేవాళ్ల మాట

ఇంటర్వెల్ వద్దనేవాళ్ల మాట కూడా వినాలి.

ఒకటి, కథ తెగిపోతుంది. ఏడుపు వచ్చే చోట లైట్లు వేస్తే ఆ బాధ కాస్తా పాప్‌కార్నులో కలిసిపోతుంది. ఇంగ్లీషు సినిమాలు మన దేశంలో ఆడేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. వాటిలో విరామం చోటు ఉండదు. హాలువాళ్లే ఎక్కడో ఒకచోట ఆపుతారు. ఒక్కోసారి మాట సగంలో ఉండగానే లైట్లు వెలుగుతాయి.

రెండు, అన్ని సినిమాలూ పొడవైనవి కావు. 2011లో వచ్చిన ‘ధోబీ ఘాట్’ అనే హిందీ సినిమా గంటా నలభై నిమిషాలు. దాన్ని ఇంటర్వెల్ లేకుండానే ఆడించారు. గంటన్నర బస్సులో కూచోగలిగిన మనిషి గంటన్నర సినిమా చూడలేడా?

మూడు, ఇంటర్వెల్ కోసమే కథను సాగదీస్తారు. అక్కడ మలుపు ఉండాలి కాబట్టి లేని మలుపు తెచ్చి పెడతారు.

నాలుగు, ఇంటర్వెల్ జనం కోసం కాదు, అమ్మకం కోసం అంటారు. పెద్ద హాళ్లకు టికెట్ల తర్వాత ఎక్కువ రాబడి తినుబండారాల మీదే వస్తుంది. ఆ అమ్మకంలో పెద్ద భాగం ఇంటర్వెల్లోనే. మళ్లీ లైట్లు ఆరాక ప్రకటనలు వేస్తారు. దాంతో పది నిమిషాల విరామం ఇరవై నిమిషాలవుతుంది.

కావాలనేవాళ్ల మాట

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. ఇది ఒంటికి సంబంధించిన సంగతి.

పెద్దవాళ్ల ఒంట్లో రోజుకు సుమారు లీటరున్నర మూత్రం తయారవుతుంది. ఆ లెక్కన మూడు గంటల్లో దాదాపు ఒక గ్లాసెడు. సోడానో, టీనో తాగితే ఇంకా ఎక్కువ. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది. గర్భిణులకూ, ముసలివాళ్లకూ అంతే. పసిపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

మూత్రం ఆపుకోవడం మంచిది కాదు. అలవాటుగా ఆపుకుంటే మూత్రంలో మంట, జ్వరం లాంటి జబ్బులు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఆడవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

కాళ్లకు కూడా కదలిక కావాలి. కిందికి దిగిన రక్తం పైకి రావాలంటే పిక్కల కండరాలు ఆడాలి. కదలకుండా కూచుంటే పాదాలు బరువెక్కుతాయి, వాస్తాయి. లేచి నాలుగడుగులు వేస్తే తేలికవుతుంది.

ఇలాంటి మాటలు హాల్లో వినపడుతూనే ఉంటాయి.

“అబ్బాయ్, ఇంకా ఎంతసేపురా?”

“ఇదిగో అమ్మమ్మా, వచ్చేస్తుంది ఇంటర్వెల్. కాస్త ఓర్చుకో.”

“పొద్దున్నించి నీళ్లు కూడా తాగలేదురా. అక్కడ దొడ్డి ఎట్లా ఉంటుందో ఏమో అని.”

ఆ అమ్మమ్మ చివరి మాటను గమనించండి. హాల్లో మరుగుదొడ్డి బాగుండదని ఆమె పొద్దుటినుంచీ నీళ్లే మానేసింది. ఎంతోమంది ఆడవాళ్లు చేసే పని ఇదే. సినిమాకే కాదు, బస్సు ప్రయాణానికీ, తిరునాళ్లకూ ఇలాగే చేస్తారు. అంటే ఇంటర్వెల్ ఇస్తే చాలదు. ఆ పది నిమిషాల్లో మనిషికి కావలసినవి అక్కడ ఉండాలి.

పది నిమిషాల లెక్క

ఒక లెక్క చేసి చూద్దాం. ఒక హాల్లో 100 మంది ఆడవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లాలి అనుకుందాం. అక్కడ 4 దొడ్లు ఉన్నాయి. ఒక్కొక్కరికి 2 నిమిషాలు పడుతుంది.

10 నిమిషాల్లో ఒక్కో దొడ్డికి 5 మంది వెళ్లొస్తారు. నాలుగింటికి కలిపి 20 మంది. మిగిలిన 80 మంది సంగతేమిటి? వాళ్లు వరసలో నిలబడి ఉండగానే గంట మోగుతుంది. వాళ్లలో కొందరు సినిమా పోగొట్టుకుంటారు. కొందరు అలాగే ఆపుకుని వెళ్లి కూచుంటారు.

వందమందీ వెళ్లి రావాలంటే 50 నిమిషాలు కావాలి. అంతసేపు విరామం ఇవ్వలేరు. కాబట్టి దొడ్లు పెంచాలి. మగవాళ్లకు ఎన్ని కట్టారో ఆడవాళ్లకూ అన్నే కడితే సమానం అనుకుంటారు. కాని ఆడవాళ్లకు సమయం ఎక్కువ పడుతుంది. పిల్లలను తీసుకెళ్లేదీ ఎక్కువగా వాళ్లే. అందుకే వాళ్లకు ఎక్కువ ఉండాలి. గొళ్లెం పడే తలుపు, నీళ్లు, వెలుగు, బకెట్టు, మగ్గు ఉండాలి. ఇవి లేని ఇంటర్వెల్ సగంమందికి ఇంటర్వెల్ కాదు.

నీళ్లు, తిండి, ధర

ఇంటర్వెల్లో రెండో అవసరం తాగే నీళ్లు. దీని మీద సుప్రీంకోర్టు మాట ఒకటి ఉంది. అందరూ తెలుసుకోవాలి.

బయటి తిండిని హాల్లోకి తెచ్చుకోవచ్చు అని జమ్మూ కాశ్మీరు హైకోర్టు 2018లో చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2023 జనవరిలో కొట్టేసింది. హాలు యజమాని బయటి తిండి వద్దు అనవచ్చు అంది. కాని రెండు సంగతులు గట్టిగా చెప్పింది. మొదటిది, హాల్లో శుభ్రమైన తాగే నీళ్లు ఉచితంగా పెట్టాలి. రెండోది, పసిబిడ్డ కోసం తల్లిదండ్రులు తగినంత తిండి తెచ్చుకుంటే అడ్డు చెప్పకూడదు.

కాబట్టి నీళ్లు అడగడానికి మొహమాటం అక్కర్లేదు. “మంచినీళ్లు ఎక్కడ పెట్టారండీ?” అని అడగండి. సీసా కొనుక్కోండి అంటే, ఉచితంగా పెట్టాలి గదండీ అని మర్యాదగా చెప్పండి.

సీసా, ప్యాకెట్టు కొంటే దాని మీద అచ్చువేసిన ధర చదవండి. ఒకే సరుకు మీద రెండు రకాల గరిష్ఠ ధరలు వేయకూడదు అనే నిబంధన 2018 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఎక్కువ అడిగితే బిల్లు తీసుకోండి. వినియోగదారుల సహాయానికి 1915 అనే ఫోను నంబరు ఉంది. డబ్బు ఖర్చు కాదు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

అక్షరం చదవడం వచ్చినవాళ్లు టికెట్టు మీద ధర, సీటు నంబరు, ఆట వేళ కూడా చూసుకోవాలి. ‘బయటికి దారి’ అని రాసిన తలుపు ఎక్కడుందో ఇంటర్వెల్ వెలుగులోనే చూసిపెట్టుకోవాలి. 1997లో ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో నిప్పంటుకుంది. బయటికి దారి దొరక్క, పొగకు ఊపిరాడక 59 మంది చనిపోయారు.

మరి ఏది మేలు?

రెండు వైపులా విన్నాక కొన్ని సంగతులు తేలుతున్నాయి.

రెండు గంటల లోపు సినిమాకు ఇంటర్వెల్ తప్పనిసరి కాదు. రెండున్నర గంటలు దాటితే మాత్రం ఉండాలి. అది లేకుంటే ముసలివాళ్లు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు హాలుకు రావడం మానేస్తారు. అప్పుడు సినిమా ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకే మిగులుతుంది. పగలంతా కూలి చేసి వచ్చినవాళ్లు అందరితో కలిసి కూచుని నవ్వే చోటు అది. అందులో అందరికీ చోటుండాలి.

ఎక్కడ ఆపాలో సినిమా తీసినవాళ్లే నిర్ణయించాలి. హాలువాళ్లు తమకు తోచిన చోట కోయకూడదు. విరామం ఎన్ని నిమిషాలో తెర మీద చూపాలి. చెప్పిన వేళకు మొదలుపెట్టాలి.

ఒకప్పుడు మిషను కోసం ఇంటర్వెల్ వచ్చింది. తర్వాత అమ్మకం కోసం నిలిచింది. ఇకముందు మనిషి కోసం ఉండాలి. తెర మీద ‘విశ్రాంతి’ అని రాస్తే చాలదు. దొడ్డి శుభ్రంగా ఉండాలి, కుండలో నీళ్లుండాలి. అప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది. అవి లేకపోతే నలుగురూ కలిసి మేనేజరును అడగాలి. ఒక్కరు అడిగితే వినపడదు. నలుగురు రాసి, సంతకాలు పెట్టి ఇస్తే వినపడుతుంది.

మాట్లాడుకోండి

1. మీకు దగ్గరలో ఉన్న సినిమా హాల్లో ఆడవాళ్లకు ఎన్ని మరుగుదొడ్లు ఉన్నాయి? శుభ్రంగా ఉన్నాయా?
2. అక్కడ తాగే నీళ్లు ఉచితంగా పెట్టారా?
3. ఇంటర్వెల్ లేకపోతే మీ ఇంట్లో ఎవరికి ఎక్కువ ఇబ్బంది?

లెక్క చేయండి

మ్యాట్నీ ఆట 2 గంటల 30 నిమిషాలకు మొదలైంది. సినిమా 3 గంటల 20 నిమిషాలు. ఇంటర్వెల్ 15 నిమిషాలు. ఆట ఎన్ని గంటలకు వదులుతారు? మీ ఊరి బస్సు 6 గంటలకైతే అందుతుందా?

(జవాబు: 6 గంటల 5 నిమిషాలకు. బస్సు అందదు.)

రాయండి

హాల్లో మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు కావాలని మేనేజరుగారికి అయిదు వాక్యాల అర్జీ రాయండి. కింద మీ పేరు రాసి సంతకం చేయండి.

మాటలు – అర్థాలు

విరామం = మధ్యలో ఆగడం
నిడివి = పొడవు, పట్టే సమయం
గరిష్ఠ ధర = అంతకు మించి అమ్మకూడని ధర
వినియోగదారుడు = సరుకు కొని వాడుకునే మనిషి
అర్జీ = కోరిక తెలుపుతూ రాసే కాగితం